బ్రౌన్ డ్వార్ఫ్‌ల అసలు రంగు ఏది? ఒక్కో బొమ్మలో ఒక్కోలా ఎందుకు ఉంటాయి?

సంక్షిప్తంగా: నక్షత్రాల్లా పుట్టినా వాటిలా మండలేని బ్రౌన్ డ్వార్ఫ్‌లు గోధుమ రంగులో ఉండవు. వేడిగా ఉన్నవి ముదురు నారింజ, ఎరుపు రంగుల్లో కనిపిస్తాయి. మధ్యరకం వేడిలో ఉన్నవి మెజెంటా లేదా ఊదా వైపు మొగ్గుతాయని లెక్కలు చెబుతున్నాయి. బాగా చల్లబడ్డవి మన కంటికి దాదాపు కనిపించవు. రంగును తేల్చేది వేడి ఒక్కటే కాదు, వాటి వాతావరణంలోని సోడియం, పొటాషియం ఆవిర్లు కూడా. అయితే చాలా ఊహాచిత్రాల్లో రంగు కంటే వెలుగు, నీడ, మేఘాల విషయంలోనే తప్పులు ఎక్కువ.

బ్రౌన్ డ్వార్ఫ్ గురించి వార్త వచ్చిందంటే పక్కనే ఒక బొమ్మ ఉంటుంది. ఒకదాంట్లో అది కణకణలాడే ఎర్రటి గోళం. ఇంకోదాంట్లో చారలతో గురుగ్రహంలా ఉంటుంది, కాకపోతే రంగు ఊదా. మరోదాంట్లో పేరుకు తగ్గట్టు మట్టి రంగు పూసేస్తారు. మూడూ ఒకే రకం ఖగోళ వస్తువు గురించే అంటే పాఠకుడికి అయోమయం సహజం. వీటిలో ఏదీ ఫొటో కాదు. ఎంత పెద్ద టెలిస్కోప్‌లో చూసినా బ్రౌన్ డ్వార్ఫ్ ఒక చుక్క మాత్రమే. దాని గోళాకారం, చారలు, మచ్చలు అన్నీ ఆ చుక్క నుంచి వచ్చే కాంతిని విడదీసి, కొలిచి, లెక్కగట్టి ఊహించినవే. అలాగని చిత్రకారులు ఇష్టమొచ్చినట్టు గీస్తారని కాదు. మంచి ఊహాచిత్రం వెనుక చాలా భౌతికశాస్త్రం ఉంటుంది.

పేరు రంగు చూసి పెట్టింది కాదు

నక్షత్రంలా పుట్టినా నక్షత్రంలా మండలేని వస్తువులు ఉండి తీరాలని 1960ల మొదట్లో భారత సంతతి ఖగోళ శాస్త్రవేత్త శివ్ కుమార్ లెక్కగట్టారు. హైడ్రోజన్‌ను నిలకడగా మండించాలంటే ఒక వస్తువుకు గురుగ్రహం కంటే సుమారు 75 నుంచి 80 రెట్ల ద్రవ్యరాశి కావాలి. అంతకు తక్కువైతే లోపలి వేడి చాలదు. సుమారు 13 రెట్లు దాటితే డ్యుటీరియం (బరువైన రకం హైడ్రోజన్) మాత్రం కొంతకాలం మండుతుంది. ఆ రెండు హద్దుల మధ్య ఉన్నవే బ్రౌన్ డ్వార్ఫ్‌లు. పుట్టినప్పటి వేడిని కోట్ల ఏళ్లపాటు మెల్లగా వదులుకుంటూ చల్లబడిపోతాయి.

శివ్ కుమార్ వీటిని బ్లాక్ డ్వార్ఫ్‌లు అన్నారు. కానీ ఆ పేరు పూర్తిగా చల్లారిపోయిన తెల్ల మరుగుజ్జు తారలకు వాడుకలోకి వచ్చింది. రెడ్ డ్వార్ఫ్ అన్న పేరు చిన్న నక్షత్రాలకు అప్పటికే ఉంది. 1975లో ఖగోళ శాస్త్రవేత్త జిల్ టార్టర్ బ్రౌన్ డ్వార్ఫ్ అనే పేరు పెట్టారు. అప్పటికి ఒక్క బ్రౌన్ డ్వార్ఫ్ కూడా దొరకలేదు, దాని రంగు ఎవరికీ తెలియదు. ఎరుపుకూ నలుపుకూ మధ్య ఏదో ఒకటి అన్న ఆలోచనతో పెట్టిన పేరది. 20 ఏళ్ల తర్వాత, 1995లో, కృత్తికల గుంపులోని టైడే 1, 19 కాంతి సంవత్సరాల దూరంలోని గ్లీజ్ 229 బి వెలుగులోకి వచ్చాయి. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

పైగా గోధుమ రంగు తనంతట తాను వెలిగే వస్తువుకు వచ్చే రంగు కాదు. రంగులు కలిపే చిత్రకారులకు ఇది బాగా తెలుసు: నారింజ రంగును తగ్గించి, చుట్టూ అంతకంటే వెలుతురున్న రంగులు పెడితేనే కన్ను దాన్ని గోధుమగా చదువుతుంది. అదే మసక నారింజను కటిక చీకట్లో ఒంటరిగా ఉంచితే నారింజగానే కనిపిస్తుంది. నల్లటి అంతరిక్షంలో స్వయంగా వెలిగే గోళం గోధుమగా కనిపించే అవకాశం లేదు. మట్టి రంగు బొమ్మలు గీసినవాళ్లు వస్తువును కాదు, దాని పేరును గీశారు.

వేడిని బట్టి తరగతులు

ఖగోళ శాస్త్రవేత్తలు వీటిని వర్ణపటాన్ని (కాంతిని విడదీస్తే వచ్చే రంగుల పట్టీని) బట్టి ఎం, ఎల్, టి, వై అనే తరగతులుగా విభజిస్తారు. వయసులో ఉన్న బరువైన బ్రౌన్ డ్వార్ఫ్‌లు ఎం తరగతిలో, చిన్న ఎర్ర నక్షత్రాల్లాగే ఉంటాయి. ఉపరితల వేడి సుమారు 2,000 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ఎల్ తరగతి, సుమారు 1,000 కంటే తగ్గితే టి తరగతి, 200 దరిదాపులకు పడిపోతే వై తరగతి. ఇది ఒకే వస్తువు జీవిత ప్రయాణం కూడా. ఈరోజు ఎల్ తరగతిలో ఉన్నది వందల కోట్ల ఏళ్ల తర్వాత టి తరగతికి జారుతుంది. అందుకే బ్రౌన్ డ్వార్ఫ్ రంగు ఏమిటని అడిగితే, ఏ వయసులో అని తిరిగి అడగాల్సి వస్తుంది.

వేడి వస్తువు రంగు గురించి కొలిమిలో ఇనుము చాలా చెబుతుంది. సుమారు 525 డిగ్రీల దగ్గర అది చీకట్లో ముదురు ఎరుపుగా కనిపించడం మొదలవుతుంది. వేడి పెరిగేకొద్దీ నారింజ, పసుపు, తెలుపు రంగుల్లోకి మారుతుంది. 1847లో జాన్ విలియం డ్రేపర్ కొలిచిన ఈ 525 డిగ్రీల హద్దును డ్రేపర్ పాయింట్ అంటారు. బ్రౌన్ డ్వార్ఫ్ కూడా ఇనుములా ఘనపదార్థమైతే కథ ఇక్కడితో అయిపోయేది: ఎల్ తరగతి నారింజ, టి తరగతి ముదురు ఎరుపు, వై తరగతి నలుపు. చాలా పాత చిత్రాలు ఈ లెక్కనే నమ్ముకున్నాయి. కానీ బ్రౌన్ డ్వార్ఫ్ ఒక వాయుగోళం. లోపలి నుంచి వచ్చే కాంతి దాని వాతావరణాన్ని దాటుకుని రావాలి. ఆ వాతావరణం కొన్ని రంగులను వదిలిపెడుతుంది, కొన్నింటిని మింగేస్తుంది.

సోడియం, పొటాషియం మింగే రంగులు

గ్లీజ్ 229 బి కాంతిని విడదీసి చూసినప్పుడు ఒక తేడా కనిపించింది. ఎరుపు నుంచి పసుపు వైపు వచ్చేకొద్దీ కాంతి అనుకున్నదానికంటే చాలా వేగంగా తగ్గిపోయింది. పైపొరల్లో ఏదో దుమ్ము తెర ఉందని మొదట అనుకున్నారు. 2000 నాటికి ఆడమ్ బరోస్, మార్క్ మార్లీ తదితరులు చేసిన లెక్కల్లో కారణం దుమ్ము కాదని తేలింది. ఆ కాంతిని మింగుతున్నవి సోడియం, పొటాషియం ఆవిర్లు.

సోడియం 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే సరిగ్గా పసుపు రంగులో, కాంతిని మింగుతుంది. సూర్యుడి వర్ణపటంలో ఇది సన్నటి నల్ల గీత. టి తరగతి బ్రౌన్ డ్వార్ఫ్‌లో అదే గీత అడ్డంగా పరుచుకుని పెద్ద లోయ అవుతుంది. దీనికి కారణం పీడనం. టి తరగతికి వచ్చేసరికి ఇనుము, సిలికేట్ మేఘాలు కిందికి కుంగిపోతాయి, పైన వాతావరణం తేటపడుతుంది. దాంతో కాంతి చాలా లోతు నుంచి, ఒత్తిడి ఎక్కువున్న పొరల నుంచి బయటికి వస్తుంది. అక్కడ ప్రతి సోడియం పరమాణువునూ హైడ్రోజన్, హీలియం అణువులు ఆగకుండా గుద్దుతుంటాయి. ఆ దెబ్బలకు సోడియం మింగగల తరంగదైర్ఘ్యం అటూ ఇటూ జరుగుతుంది. కోట్లాది పరమాణువులకు అలా జరిగేసరికి పసుపుతోపాటు పక్కనున్న నారింజ, ఆకుపచ్చ కూడా పోతాయి. మరోవైపు 767, 770 నానోమీటర్ల దగ్గర పొటాషియం ఇదే పని చేసి, కంటికి కనిపించే ఎరుపు చివరి అంచును కొరికేస్తుంది.

మిగిలేది పొటాషియం అందుకోని కొంత ఎరుపు, సోడియం అందుకోని కాస్త నీలం. మధ్యలోని పసుపు, ఆకుపచ్చ లేకుండా ఎరుపూ నీలమూ కలిస్తే కన్ను చూసేది మెజెంటా. నీలం పాలు ఎంత అన్నదాన్ని బట్టి అది ఎరుపుకు దగ్గరి మెజెంటా కావచ్చు, వంగపండు రంగు వైపు జరగవచ్చు. కంటికి కనిపించే రంగులను 2021లో మళ్లీ లెక్కగట్టిన శాస్త్రవేత్త స్టీవెన్ క్రాన్మర్‌కూ జవాబు ఊదా వైపే వచ్చింది. నాసా, కాల్టెక్ విడుదల చేసే చిత్రాల్లో టి తరగతి గోళాలు మెజెంటాలో ఉండేది ఇందుకే. చూడగానే అలంకారం కోసం వేసిన రంగులా అనిపిస్తుంది కానీ, ఈ మొత్తం వ్యవహారంలో గట్టి ఆధారం ఉన్న రంగు అదే.

ఎల్ తరగతి సంగతి వేరు. వాటి పైపొరల్లో సిలికేట్ రేణువులు, ఇనుప తుంపరలతో మేఘాలు దట్టంగా ఉంటాయి. ఎర్ర నక్షత్రాలకు గుర్తుగా ఉండే టైటానియం ఆక్సైడ్ ఇక్కడ ఖనిజంగా గడ్డకట్టి వాయువులోంచి తప్పుకుంటుంది. సోడియం, పొటాషియం ప్రభావం అప్పటికే మొదలై ఉన్నా, వేడి వల్ల ఎరుపు, నారింజలదే పైచేయి. వీటిని ముదురు ఎరుపులో గీయడం సబబే. టి తరగతిలో బాగా చల్లబడిన దశలో కథ మళ్లీ మలుపు తిరుగుతుంది. సోడియం సల్ఫైడ్‌గా, పొటాషియం క్లోరైడ్‌గా మారి మేఘాలైపోతాయి. రంగును మింగే ఆవిరి తగ్గిపోతుంది. అయితే ఆ దశకు మింగడానికి కాంతి కూడా పెద్దగా మిగలదు.

రంగు ఉంటే సరిపోదు, కంటికి అందాలి

బొమ్మల్లో సాధారణంగా మరుగున పడే విషయం వెలుతురు మోతాదు. 2,000 డిగ్రీలకు దగ్గరగా ఉన్న ఎల్ తరగతి గోళాన్ని దగ్గర నుంచి చూస్తే కళ్లు చెదిరేంత వెలుగు ఉంటుంది. కానీ వేడి తగ్గేకొద్దీ కంటికి కనిపించే కాంతి మామూలుగా తగ్గదు, కుప్పకూలుతుంది. వేడి సగమైతే మొత్తం శక్తి 16వ వంతుకు పడిపోతుంది. కంటికి కనిపించే భాగమైతే లక్షో వంతు కంటే తక్కువకు దిగిపోతుంది. మిగతా శక్తి అంతా కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ (పరారుణ) కాంతిలోకి జారుతుంది.

దీని ఫలితం తిన్నగా రంగు మీదే పడుతుంది. మన కంటిలో రంగును గుర్తించే కణాలకు ఓ మోస్తరు వెలుతురు కావాలి. మసక వెలుతురులో పనిచేసే కణాలు వేరు, వాటికి రంగు తెలియదు. చల్లని టి తరగతి గోళం డ్రేపర్ హద్దు దరిదాపుల్లో ఉంటుంది. సోడియం కోత పోను వచ్చే కాంతి ఇంకా తక్కువ. దాని పక్కనే వ్యోమనౌకలో ఉన్న మనిషికి మెజెంటా బదులు రంగు తేల్చుకోలేని మసక బిళ్ల కనిపించే అవకాశమే ఎక్కువ. ముఖానికి వేడి మాత్రం గట్టిగా తగులుతుంది.

అంటే మెజెంటా చిత్రంలో ఒక ఒప్పందం దాగి ఉంది. రంగుల మధ్య నిష్పత్తి నిజం, వెలుతురు మాత్రం పెంచినది. కెమెరాను ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసిన ఫొటోతో సమానం. ఇందులో తప్పేమీ లేదు. నెబ్యులాల (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాల) ఫొటోలన్నీ ఇలాంటివే. తేడా ఏమిటంటే, నెబ్యులా ఫొటో కింద ఎంతసేపు కాంతిని పోగుచేశారో రాస్తారు. ఊహాచిత్రం కింద వెలుతురు ఎంత పెంచారో సాధారణంగా రాయరు.

ఆకుపచ్చ చుక్క ఎక్కడి నుంచి వచ్చింది?

అయోమయానికి ఇంకో కారణం ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు. 2009 డిసెంబర్‌లో ప్రయోగించిన వైజ్ టెలిస్కోప్ ఆకాశమంతా గాలించి చల్లటి బ్రౌన్ డ్వార్ఫ్‌లను పట్టుకుంది. ఆ చిత్రాల్లో అవి నిగనిగలాడే ఆకుపచ్చ చుక్కలు. ఈ పచ్చదనం కంటికి సంబంధించింది కాదు. వైజ్ చూసిన 3.4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే 1,000 నానోమీటర్లు) కాంతికి నీలం, 4.6 మైక్రాన్ల కాంతికి ఆకుపచ్చ, 12 మైక్రాన్ల కాంతికి ఎరుపు కేటాయించి బొమ్మ తయారుచేస్తారు. బ్రౌన్ డ్వార్ఫ్‌లోని మీథేన్ 3.4 దగ్గర కాంతిని మింగేస్తుంది. 4.6 దగ్గర వాతావరణం తేటగా ఉండి కాంతి ధారాళంగా బయటికి వస్తుంది. నీలం పోయి ఆకుపచ్చ మిగులుతుంది. లక్షల నక్షత్రాల మధ్య వీటిని ఏరడానికి ఈ తేడాయే పనికొచ్చింది.

శాస్త్రవేత్తల మాటల్లోనూ ఇలాంటి చిక్కు ఉంది. ఇన్‌ఫ్రారెడ్ కొలతల్లో ఎల్ తరగతి ఎర్రగా ఉంటుందని, టి తరగతికి రాగానే హఠాత్తుగా నీలంగా మారుతుందని అంటారు. ఇక్కడ నీలం అంటే 2.2 మైక్రాన్ల దగ్గర కాంతి తగ్గి, 1.2 మైక్రాన్ల దగ్గర నిలబడిందని మాత్రమే. దీనికీ మీథేనే కారణం. ఆ వాక్యం చదివి గోళానికి నీలం రంగు వేస్తే బొమ్మ తప్పుతుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది. ఏ ఫిల్టర్‌కు ఏ రంగు కేటాయించారో చూడకుండా అందులోని రంగును తీసుకోకూడదు.

రంగు కంటే పెద్ద తప్పులు

రంగు మీద ఇంత చర్చ జరుగుతుంటే, చిత్రాల్లో అంతకంటే స్పష్టమైన తప్పులు దాటిపోతున్నాయి. మొదటిది నెలవంక. చాలా బొమ్మల్లో బ్రౌన్ డ్వార్ఫ్‌కు ఒకవైపు వెలుగు, మరోవైపు చీకటి ఉంటాయి, పక్కన సూర్యుడు ఉన్నట్టు. కానీ చాలా బ్రౌన్ డ్వార్ఫ్‌లు ఏ నక్షత్రం తోడూ లేకుండా ఒంటరిగా తిరుగుతాయి. నక్షత్రం ఉన్నా అది చాలా దూరం. 12 కాంతి సంవత్సరాల దూరంలోని ఎప్సిలాన్ ఇండీ నక్షత్రానికి రెండు టి తరగతి బ్రౌన్ డ్వార్ఫ్‌లు తోడున్నాయి. అవి ఆ నక్షత్రం నుంచి భూమి–సూర్యుల దూరానికి సుమారు 1,460 రెట్ల దూరంలో ఉన్నాయి. అంత దూరం నుంచి పడే వెలుతురు మన పున్నమి వెన్నెల కంటే తక్కువ. అక్కడ నెలవంక ఏర్పడదు. స్వయంగా వెలిగే గోళం మొత్తం బిళ్లగానే కనిపించాలి, అంచుల వైపు కాస్త మసకబారుతూ.

రెండోది మేఘాల ఎత్తు. గోళం అంచు దగ్గర గుట్టలు గుట్టలుగా లేచిన మేఘాలు గీయడం చిత్రకారులకు ఇష్టం. అక్కడి గురుత్వాకర్షణ దానికి ఒప్పుకోదు. బ్రౌన్ డ్వార్ఫ్‌లు బరువులో గురుగ్రహానికి పదుల రెట్లు, పరిమాణంలో మాత్రం ఇంచుమించు గురుగ్రహమంతే. 50 రెట్ల బరువున్న దానిపై గురుత్వం కూడా దాదాపు 50 రెట్లు. గురుగ్రహంపై సుమారు 27 కిలోమీటర్లు పైకి వెళితే వాతావరణం సాంద్రత మూడో వంతుకు పడిపోతుంది. వెయ్యి కెల్విన్ల (సుమారు 725 డిగ్రీల సెల్సియస్) బ్రౌన్ డ్వార్ఫ్‌పై అందుకు సుమారు మూడు కిలోమీటర్లు చాలు. 70 వేల కిలోమీటర్ల వ్యాసార్థం మీద ఆ పొర ఎంత? బొమ్మలో గీత మందం కూడా రాదు. అంచు కత్తితో కోసినట్టు పదునుగా ఉండాలి.

మూడోది, సూర్యుడిలా ఎగసిపడే జ్వాలలతో చిన్న సైజు సూర్యుడిగా గీయడం. ఎం, ఎల్ తరగతుల సరిహద్దులో ఉన్న వేడి గోళాలకు కొంతవరకు చెల్లుతుంది. టి, వై తరగతులకు అస్సలు పొసగదు.

చారలా, మచ్చలా?

ఈ విషయంలో చిత్రకారులకు ఇటీవలి పరిశీలనలు బాగా ఉపయోగపడుతున్నాయి. 2013లో బయటపడ్డ లూమన్ 16 కేవలం ఆరున్నర కాంతి సంవత్సరాల దూరంలోని బ్రౌన్ డ్వార్ఫ్ జంట. వాటిలో ఒకటైన లూమన్ 16 బి ఎల్, టి తరగతుల సరిహద్దులో, అంటే మేఘాలు విచ్చిపోయే దశలో ఉంది. అది తన చుట్టూ తాను తిరుగుతుంటే కాంతి ఎలా మారుతుందో చూసి 2014లో దాని ఉపరితలానికి ఒక స్థూలమైన పటం తయారుచేశారు. అందులో వెలుతురు, నీడల మచ్చలు కనిపించాయి. ఆ తర్వాత ఎక్కువకాలం జరిపిన పరిశీలనలు గురుగ్రహంలాంటి వాయు పట్టీలు ఉన్నాయని సూచించాయి. కాబట్టి ఈ సరిహద్దు దశలోని గోళాలకు చారలు, వాటి మధ్య విచ్చిన మేఘాల సందుల్లోంచి లోపలి వేడి మెరిసే చోట్లు గీయడానికి ఆధారం ఉంది. పట్టీల్లో గోధుమ, తెలుపు వంటి గురుగ్రహపు రంగులు వేయడానికి మాత్రం లేదు. ఇక్కడి తేడాలు రంగులవి కాదు, వెలుతురువి.

బ్రౌన్ డ్వార్ఫ్‌లు చాలా వేగంగా తిరుగుతాయి. కొన్నింటికి ఒక చుట్టు గంటకు కాస్త ఎక్కువ సమయంలోనే పూర్తవుతుంది. అంత వేగానికి నడుము కొంచెం ఉబ్బి, ధ్రువాల దగ్గర అణగాలి. ఎక్కువ బొమ్మల్లో గోళం గుండ్రంగానే ఉంటుంది. ధ్రువకాంతులు గీయాలంటే దానికీ దారి ఉంది. 18 కాంతి సంవత్సరాల దూరంలో, బ్రౌన్ డ్వార్ఫ్‌ల హద్దులో ఉన్న ఎల్‌ఎస్‌ఆర్ జె1835+3259పై శక్తిమంతమైన ధ్రువకాంతులను 2015లో గుర్తించారు. భూమిపై ఆక్సిజన్ వల్ల వచ్చే ఆకుపచ్చ అక్కడ ఉండదు. వాతావరణం హైడ్రోజన్‌తో నిండినది కాబట్టి అవి ప్రధానంగా ఎర్రగా ఉంటాయి.

కనిపించనిదాన్ని గీయడం

చిత్రకారులకు అన్నిటికంటే కష్టమైనది వై తరగతి. 2014లో ప్రకటించిన వైజ్ 0855−0714 మనకు 7 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉంది. దాని వేడి నీరు గడ్డకట్టే స్థాయికి అటూ ఇటూగా ఉంటుంది. మంచు మేఘాలు ఉండవచ్చనడానికి కొన్ని సూచనలు దొరికాయి. పక్కన నక్షత్రం లేదు. కంటికి కనిపించే కాంతిని అది దాదాపు వెలువరించదు. నిజాయితీగా గీస్తే వెనుక నక్షత్రాలను కప్పేసిన నల్లటి వృత్తం గీయాలి. అలాంటి బొమ్మ పత్రికలో వేస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు. అందుకే ముదురు ఊదా, నీలి రంగుల్లో మసకగా వెలిగిస్తారు.

ఇది సమర్థించదగ్గ రాజీయే, ఒక షరతు మీద: ఆ రంగు ఇన్‌ఫ్రారెడ్‌ను మార్చి చూపిందా, కాంతిని పెంచి చూపిందా, లేక కేవలం గుర్తుపట్టడానికి వేసిందా అన్నది బొమ్మ కింద ఒక్క వాక్యంలో చెప్పాలి. ప్రస్తుతం చాలా సంస్థలు ఊహాచిత్రం అని మాత్రమే రాసి వదిలేస్తున్నాయి. వార్తతోపాటు బొమ్మ చేతులు మారేకొద్దీ ఆ ఒక్క మాట కూడా రాలిపోతుంది.

జ్ఞానం మారితే బొమ్మలూ మారక తప్పదు. దాదాపు 30 ఏళ్లు ఒకే గోళంగా గీసిన గ్లీజ్ 229 బి నిజానికి రెండు బ్రౌన్ డ్వార్ఫ్‌ల జంట అని 2024లో తేలింది. అవి 12 రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. ఇన్నాళ్లూ ఒక వస్తువు వర్ణపటంగా చదివినది రెండింటి కాంతి కలిసినది. ఇకపై గీసే చిత్రాల్లో రెండు గోళాలు ఉండాలి. వాటి వేడిలో తేడా ఎంతో తేలితే, ఆ రెండింటికీ వేర్వేరు మెజెంటా ఛాయలు కూడా కావాలి.